లవొదికయలో తర్జుమా

పిలేమోనుకు ఒక్కటే బెంగ. పాస్టరు అయ్యగారికి డెబ్బై ఆరేళ్లు వచ్చినా చర్చి తనకు అప్పగించడం లేదు. పద్నాలుగేళ్ల నుంచి శిష్యుడిగా ఆయన బ్యాగు మోస్తున్నాడు. ఇప్పుడు టర్కీ దాకా మోసుకొచ్చాడు.

మా ఊరి నుంచి పద్దెనిమిది మందిమి వచ్చాం. ఎప్పుడో భూకంపాలకు కూలిన బైబిలు నాటి ఊరు లవొదికయ శిథిలాల దగ్గర బస్సు ఆగేసరికి ప్రెసిడెంటు గారి భార్య ఇంకా హోటలు సబ్బులు సంచిలో సర్దుకుంటోంది. సంఘ పెద్ద ఏలీయా రెండు వేల ఏళ్ల స్తంభం మీద, తనే కట్టించినట్టు చెయ్యి వేసి ఫొటో దిగాడు. అయ్యగారు మాత్రం దారంతా గైడు నెజాతీ పక్కన కూర్చుని, ఆయన ఫోనులో ఫొటోలు చూశారు. అయ్యగారికి ఇంగ్లీషు రాదు. ఫొటోలకు అక్కర్లేదు కదా.

పిలేమోనును తక్కువ చేయకూడదు. తర్జుమాలో జిల్లా మొత్తం మీద అతనికి సాటి ఎవరూ లేరు. ఉజ్జీవ కూటాల్లో విదేశీ ప్రసంగీకుడు 'నేను' అంటే ఇతనూ 'నేను' అంటాడు. ఆయన ఏడిస్తే ఇతనూ ఏడుస్తాడు. ఒకసారి ఆయన దగ్గితే ఇతనూ దగ్గాడు.

కూలిన నాటకశాల మెట్ల మీద మమ్మల్ని కూర్చోబెట్టి పిలేమోను ప్రసంగం మొదలుపెట్టాడు.

"చూశారా, భూకంపం ఊరికే రాదు. పాపం పండితే వస్తుంది. మన దీనమ్మ ఇంటి గోడ సంగతీ అంతే."

దీనమ్మ మాతో రాలేదు. పోయిన తుఫానులో ఆ గోడ పడే ఆమె కొడుకు పోయాడు. సమాధి దగ్గర కూడా పిలేమోను ఇదే మాట అన్నాడు. అప్పటి నుంచి ఆమె చర్చికి రాలేదు. అయ్యగారు మూడుసార్లు వెళ్లినా తలుపు తీయలేదు.

అయ్యగారు లేచి వెళ్లి, నెజాతీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పిలేమోను పక్కన నిలబెట్టారు.

"ఈయన ఇల్లు ఏమైందో అడుగు. చెప్పింది చెప్పినట్టు మాకు తర్జుమా చెయ్యి."

పిలేమోను అడిగాడు. గైడు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. వాక్యం తర్వాత వాక్యం పిలేమోను అందుకున్నాడు, గొంతు పెంచి.

"మాది ఇక్కడికి చాలా దూరం. చలికాలంలో భూమి కదిలింది. నేను పని మీద ఇటువైపు ఉన్నాను. వెళ్లేసరికి ఐదంతస్తుల ఇల్లు నా మోకాలెత్తు ఉంది."

ఏలీయా ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"కింద నుంచి నా కూతురు పిలిచింది. రెండు రోజులు పిలిచింది. నేను చేతులతో తవ్వాను."

గైడు అరచేతులు చూపించాడు. అలవాటు కొద్దీ పిలేమోనూ తన అరచేతులు మా ముందు చాపాడు.

గైడు ఇంకో వాక్యం చెప్పాడు. చిన్నది. పిలేమోను నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. తన ఇంగ్లీషు అర్థం కాలేదనుకుని గైడు మళ్లీ నెమ్మదిగా చెప్పాడు.

"మూడో రోజు..." అన్నాడు పిలేమోను. చేతులు అలాగే చాపి ఉన్నాయి.

"సరేలే, మాకు అర్థమైంది," అన్నారు అయ్యగారు. "ఇప్పుడు నీ ప్రసంగం ఆయనకి ఇంగ్లీషులో చెప్పు."

పిలేమోను మెట్టు మీద కూలబడ్డాడు.

బస్సు హారన్ రెండుసార్లు మోగాక అడిగాడు.

"అయ్యగారూ, నేను వెళ్తే దీనమ్మ తలుపు తీస్తుందా?"

"తీయదు."

"మరి?"

"బయట కూర్చో."