లంకలో సంకల్పం

సంకల్పంలో నదీతీరం చెప్పవలసిన చోట విశ్వపతి ఆగిపోయాడు. అధ్యయనం ముగిశాక అతడు స్వయంగా జరిపిస్తున్న తొలి కర్మ అది. గురువు భవానీశంకర అవధానులుగారు వెనుక పీటపై కూర్చొని ఉన్నారు. నీటి అంచున సత్తిరాజు తడిబట్టలతో, తల్లి అస్థికల కుండను పొట్టకు హత్తుకొని నిలబడి ఉన్నాడు.

"ఏమైంది?" అన్నారు గురువుగారు.

"నేను నేర్చినది ఉత్తర తీరమని. ఇది నది నడుమ లంక కదండీ. ఈ పాయకు దక్షిణాన ఉన్నాం, వెనుక పాయకు ఉత్తరాన ఉన్నాం. రెండూ గోదావరే."

"ఎదుట ఉన్నదాన్ని పట్టి చెప్పు."

"ప్రధానమైన పాయను పట్టి చెప్పాలేమో! ఆనకట్ట దగ్గర కాలువలు వరిచేలకు తీసుకోగా మిగిలిన నీటిలో, దేనిలో ఎక్కువ పారుతుందో తేలితే గానీ..."

"పంతులుగారండీ," అన్నాడు సత్తిరాజు, "పాటు అయిపోవత్తందండీ. పోటు తగిలిందంటే సముద్రం నీళ్ళు ఎనక్కి తోసేత్తాయండీ. అమ్మ మళ్ళీ ఈ ఒడ్డుకే వచ్చేత్తాది."

"తప్పు చెబితే దోషం, సత్తిరాజుగారూ."

"ఆ దోసమేదో నేను పడతానండీ బాబూ! కానిచ్చెయ్యండి!"

"గోదావరి పుట్టిన త్ర్యంబకం నుంచి లెక్క వేసుకుంటూ వస్తే..." అని విశ్వపతి మళ్ళీ అందుకున్నాడు.

అవధానులుగారు నుదురు కొట్టుకున్నారు. మోకాళ్ళు పట్టుకొని లేచారు. శిష్యుని మణికట్టు పట్టుకొని, మరొక మాట లేకుండా నీటిలోకి నడిచారు. సత్తిరాజు కుండతో వెంట దిగాడు. నీరు నడుముకు వచ్చాక ఆయన ఆగారు.

"ఇప్పుడు ఏ తీరాన ఉన్నావు?"

"ఏ తీరానా లేనండీ."

"మరి ఎక్కడ ఏడ్చావు?"

విశ్వపతి చుట్టూ చూశాడు. ఆపైన కళ్ళు మూసుకొని, "గోదావర్యాం" అన్నాడు. గోదావరిలో.

మిగిలిన మంత్రం తడబాటు లేకుండా సాగింది. కుండ వంగింది. బూడిద ఒక్క క్షణం వారి చుట్టూ తిరిగి, సముద్రం వైపు సాగిపోయింది.

"ఎల్లమ్మా, ఎల్లు," అన్నాడు సత్తిరాజు.

ఒడ్డున అవధానులుగారు చాలాసేపు పంచె పిండుకుంటూ ఉండిపోయారు. శిష్యుడు తల వంచుకొని నిలబడ్డాడు.

"ఒక్క విభక్తి కోసం," అన్నారాయన, "ఈ వయసులో నన్ను నడుముదాకా తడిపావు కదయ్యా!"