ఉప్పు కొంగుకు ముడి

ఇటు తిరుగు కుందనా. అటు తిరిగి పడుకుంటే కథ గోడ వింటుంది. అలక రేపు పడుదువు గానీ, ముందు ఊఁ కొట్టు.

అనగా అనగా, సముద్రానికి దగ్గరగా, బస్సుకు దూరంగా ఒక ఊరుండేదట. ఆ ఊరి చుట్టూ ఉప్పుమళ్ళే. సముద్రపు నీళ్ళు మళ్ళలోకి వదిలేవాళ్ళు. ఎండకు నీళ్ళు ఇగిరిపోయి ఉప్పు మిగిలేది. దాన్ని గంపలకెత్తి గట్టు మీద పోసేవాళ్ళు. ఒక తల్లి ఆ పనికి కూలికి పోయేది. పొద్దున మెత్తగా ఉన్న చీరకొంగు సాయంత్రానికి ఉప్పు పట్టి అట్టలా బిగుసుకుపోయేది.

ఆ తల్లికి మతిమరుపు జాస్తి. అందుకని కొంగుకు ముడులు వేసుకునేది. కిరసనాయిలుకు ఒక ముడి, చింతపండుకు ఒక ముడి, పక్కింటి పార్వతికి చెప్పాల్సిన మాటకు ఒక ముడి. పని అయిపోయాక విప్పేసేది. ఆమె పక్కనే కూర్చుని ఆ ముడులన్నీ చూస్తూ ఉండేది ఆమె పిల్ల.

పిల్లకు ఆరేళ్ళు నిండాయి. ముద్దుగానే ఉండేది, నవ్వేది. కానీ మూడేళ్ళ వాళ్ళు చేసే పనులు కూడా దానికి వచ్చేవి కావు. మాట అసలే రాలేదు. అందరి పిల్లలూ ఉప్పుగట్టు మీదకొచ్చి "అమ్మా" అని కేకేసేవాళ్ళు. ఎవరి పిల్ల పిలిచినా ఈ తల్లి మెడ తిరిగేది. తిరిగాక, తనని కాదని తెలిసి మళ్ళీ గంప ఎత్తుకునేది. ఆ ఒక్క పిలుపు కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయేది.

అప్పుడు ఎవరో వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాయమన్నారు. సరేనని తేనెలో రంగరించి నలభై రోజులు రాసింది. ఆ ఘాటుకు పిల్ల మొహం చిట్లించేది. మాట రాలేదు.

ఆ తర్వాత ఇంకెవరో, దీనికి గాలి సోకింది, మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. తీసుకెళ్ళింది. వాడు మెడలో తాయెత్తు కట్టాడు, వేపమండలు తీసుకుని వీపు మీద కొట్టాడు. పిల్ల వాడి వంక చూడలేదు. తల్లి వంకే చూసింది. తల్లి మాత్రం ఆపమనలేదు. ఎందుకు ఆపలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉంటాను.

ఏమిటీ? అవునులే, నోరు జారాను. ఆ తల్లిని నేనే. ఆ పిల్ల మీ పెద్దమ్మ పైడమ్మే. తెలిసిపోయింది కదా, ఇంక నిద్ర పోతానంటే ఊరుకోను. విను.

ఆ రోజుల్లోనే పెద్దమ్మకు ఒక కొత్త అలవాటు వచ్చింది. పొద్దున నేను పనికి బయల్దేరగానే వచ్చి నా కొంగు పట్టుకునేది. నాలుక బయట పెట్టి, ఆ లావు వేళ్ళతో తంటాలు పడి, కొసన ఒక ముడి వేసేది. నాకేమో పనికి వేళ మించిపోతుండేది. విసుక్కుని, పళ్ళతో లాగి విప్పేసి, విదిలించుకుని పోయేదాన్ని. మర్నాడు మళ్ళీ వేసేది. ఒక్కరోజు మానితే ఒట్టు.

మీ తాత ఏం చేసేవాడా? పిల్ల మాట ఎత్తితే చుట్ట వెలిగించుకుని వీధిలోకి పోయేవాడు. ఆయన బాధ ఆయనది.

అప్పుడు మూడో ప్రయత్నం. మీ అమ్మ నా ఒళ్ళో చంటిపిల్ల. టౌన్‌లో ఇలాంటి పిల్లల కోసం ఒక బడి ఉందని, అక్కడే ఉంచుకుని చూస్తారని తెలిసింది. తీసుకెళ్ళాను. అక్కడి టీచరమ్మ, కొన్నాళ్ళు ఉంచి చూద్దామంది. పెద్దమ్మ చేతిలో మరమరాల ఉండ పెట్టాను. అది తినే ధ్యాసలో ఉండగా, వెనక నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేశాను. దొంగలా వచ్చేశాను తల్లీ.

బస్సులో కూర్చుని కళ్ళు తుడుచుకుందామని కొంగు తీశాను. కొసన ముడి ఉంది. ఎప్పుడు వేసిందో నాకు తెలీదు.

ఇంటికొచ్చి విప్పబోయాను. ఉప్పు పట్టిన గుడ్డ, రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే వచ్చేదే. నేనే లాగలేదు.

మొదటి రోజు అన్నం సయించలేదు. రెండో రోజు ఉప్పుమడిలో నిలబడితే ఏ పని చేస్తున్నానో మరిచిపోయాను. మూడో రోజు పొద్దున పనికి బయల్దేరి, గుమ్మంలో ఆగి, కొంగు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎందుకు నిలబడ్డానో ముందు తెలియలేదు. ఆ తర్వాత తెలిసింది. ముడి వేసేవాళ్ళు ఇంట్లో లేరు.

గంప అక్కడే పడేసి బస్సెక్కాను.

టీచరమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చి, "నేనే కబురు పెడదామనుకుంటున్నానమ్మా. మీ పాప మూడు రోజుల నుంచి కనిపించిన గుడ్డకల్లా ముడి వేస్తోంది. దుప్పటికి, కిటికీ తెరకి, నా చీరకి కూడా. మీ ఇంట్లో ముడి అంటే ఏమిటి?" అంది.

"ఏముందమ్మా, మరిచిపోకూడదని వేసుకుంటాం" అన్నాను.

అన్నాక ఆ మాట నా చెవిన పడింది. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. రోజూ పొద్దున అది నాకు చెబుతూనే ఉంది, మరిచిపోకమ్మా, తిరిగి రా అమ్మా అని. నేను రోజూ దాన్ని పళ్ళతో విప్పేసి పోయాను.

ఆ టీచరమ్మ నా పక్కనే కూర్చుంది. "దీనికి తాయెత్తులు లేవు. ఇది గాలీ కాదు, నీ పాపమూ కాదు. పాప బుద్ధి నెమ్మదిగా ఎదుగుతుంది. అందరూ నెలలో నేర్చేది తను ఏళ్ళ తరబడి నేర్చుకుంటుంది. కొన్ని ఎప్పటికీ రాకపోవచ్చు. కానీ ప్రేమ, భయం, బెంగ, ఇవన్నీ మనకున్నట్టే ఉంటాయమ్మా" అంది. అంత తిన్నగా అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

ఆ రోజే ఇంటికి తెచ్చేసుకున్నాను. వారానికి రెండు రోజులు బస్సులో ఆ బడికి తీసుకెళ్ళి తెచ్చేదాన్ని. జడ వేసుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది. బట్టలు మడత పెట్టడం వచ్చింది. బియ్యంలో రాళ్ళు ఏరడం వచ్చింది, అయితే రాళ్ళతో పాటు కాసిని బియ్యం కూడా పారేస్తుందనుకో.

అమ్మా అని పిలిచిందా అంటావా?

లేదే. పిలిచిందని చెప్పి నిన్ను హాయిగా నిద్రపుచ్చొచ్చు, కానీ అబద్ధం చెప్పను. నలభై ఏళ్ళు దాటాయి దానికి, ఒక్కసారి కూడా పిలవలేదు. నాకిప్పటికీ ఆ ఆశ చావలేదు. వీధిలో ఏ పిల్ల అమ్మా అన్నా నా మెడ తిరుగుతుంది. ఇంత ముసలిదాన్నయ్యాను, ఈ పాడు మెడకు బుద్ధి రాలేదు.

పిలుపు మాట అలా ఉంచు. రోజూ పొద్దున కొంగు తీసి దాని చేతికిస్తాను. అది ముడి వేస్తుంది. సాయంత్రం దాకా విప్పను. చూశావుగా, చూసి నవ్వావు కూడా.

ఇప్పుడు ఇవాళ్టి సంగతికి వద్దాం. పొద్దున బడికి వెళ్ళేటప్పుడు పెద్దమ్మ నీ జడ రిబ్బన్ కొసన ముడి వేసింది. బడిలో పిల్లలు నవ్వారు. నువ్వు ఇంటికొచ్చి పిచ్చి పెద్దమ్మ అని అరిచావు, దాని కళ్ళ ముందే పళ్ళతో లాగి విప్పావు. అది అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. అదిగో, గోడ వైపు తిరిగి పడుకుంది. కోపం వస్తే ఇద్దరూ గోడ వైపే తిరుగుతారు మీరు.

నిన్ను తిట్టడం లేదు. నేను ఎన్ని విప్పానో లెక్కే లేదు, నిన్నేమని తిడతాను? ఒక్క మాట చెప్తాను. ఇన్నేళ్ళలో అది నా కొంగుకు వేసింది, మీ అమ్మ కొంగుకు వేసింది. ఆ టౌన్ బడిలో బెంగతో వేసినవి తప్ప ఇంకెవ్వరికీ వెయ్యలేదు. ఇవాళ నీకు వేసింది. నాకు డెబ్బై దాటాయి కుందనా. నేను పోయాక దాన్ని ఎవరు గుర్తు పెట్టుకుంటారా అని నాకు బెంగ. దానికీ ఆ బెంగే ఉందేమో, నిన్ను చూసుకుంది.

ఎక్కడికి లేస్తున్నావు? ఆ సంచీలో ఏం వెతుకుతున్నావు? రిబ్బనా? ఇప్పుడు రిబ్బన్ ఎందుకే?

వెళ్ళు. మెల్లిగా భుజం తట్టు, ఉలిక్కిపడుతుంది. చేతిలో పెట్టు. తొందర పెట్టకు, దాని వేళ్ళకు కాస్త సమయం కావాలి.

ఆఁ, అలాగ. పడిందా ముడి? ఇంక ఇద్దరూ ఇటొచ్చి నాకు చెరో పక్క పడుకోండి.

కథ నడిచి నడిచి కంచికి చేరె,
బస్సెక్కి మా పిల్ల ఇంటికి చేరె,
కొంగున ముడి కొంగునే ఉండె,
ముగ్గురి కళ్ళలో నిదర నిండె.