నీరు తాగిన నల్లరాయి

పూర్వం, కొండ అన్న మాటకు అర్థమే పుట్టని కాలంలో, భూదేవి ఒళ్లంతా కరిగిన రాయిగా కుతకుతలాడుతుండగా, జీవులు నిలవడానికి ఇంత చోటు సంపాదించాలని ధృతవ్రతుడనే మహర్షి యజ్ఞం తలపెట్టాడు. పైన చల్లారిన రాయి నల్లని పెచ్చుగా గట్టిపడగానే దానిమీద వేదిక కట్టేవాడు. అది తన బరువుకు తానే ఒరిగి, వేదికతో సహా మంటలో మునిగిపోయేది. యుగాలు గడిచినా ఒక్క వేదికా నిలవలేదు.

“తల్లీ, గడ్డిపోచైనా మొలవకుండానే నా తపస్సు హరించుకుపోయేలా ఉంది,” అన్నాడు మహర్షి.

“నీ తపస్సుకేం నాయనా, మళ్లీ చేసుకుంటావు. బిడ్డల్లేని దాన్ని నేను,” అంది సర్వంసహ అయిన భూదేవి. “వరుణుణ్ణి పిలిచావా?”

“అగ్నిమీద నీళ్లా! అపచారం కాదూ?”

మబ్బుల్లోంచి పాశహస్తుడైన వరుణుడు నవ్వాడు. “ఇన్నాళ్లూ నన్ను బయటే నిలబెట్టారు. లోపలి పెద్దమనిషికి జలుబు చేస్తుందనా?”

“వచ్చి చూడు, ఆవిరైపోతావు!” అని సప్తజిహ్వుడైన అగ్ని కిందనుంచి గర్జించాడు.

“మీరిద్దరూ కాస్త ఆగండి,” అని కసిరి, భూదేవి మహర్షివైపు తిరిగింది. “గుండం చుట్టూ నీళ్లు చల్లనిదే ఆహుతి వెయ్యవు కదా. ఆ నీళ్లు అగ్నికి పగవా, నాయనా?”

మహర్షి తల వంచుకుని వరుణుణ్ణి ప్రార్థించాడు. ఎడతెగని వానకు సముద్రాలు నిలిచాయి. నల్లరాయి పగుళ్లనిండా నీరు తాగి, ఎప్పటిలాగే ఒరిగి, ఆ నీటిని పాతాళానికి మోసుకుపోయింది. పొడిరాయిని కరిగించడానికి అంత శ్రమపడే అగ్నికి ఈ తడిరాయి సులువుగా లొంగింది. అందులోని తేలిక సారం, పాలమీద మీగడలా విడివడి పైకొచ్చి, తెల్లని చుక్కల రాయిగా గట్టిపడింది. బరువైన పిప్పి అడుగుకు దిగింది. అలా పుట్టిన చిన్నచిన్న దిబ్బలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, అతుక్కుని, మందమెక్కాయి.

“వరం కోరుకో,” అంది భూదేవి.

“ఇది మునగకూడదు తల్లీ.”

“వాన అరగదీస్తుంది, నా కదలిక చీలుస్తుంది, వాటిని ఆపలేను. మునగకుండా మాత్రం చూసుకుంటాను. సముద్రం అడుగున నల్లరాయి పుడుతూ, నాలోకి తిరిగి వస్తూ ఉంటుంది. ఈ తెల్లరాయి తేలుతుంది.”

అగ్ని లోపల, వరుణుడు పైన తమ తమ స్థానాల్లో కుదురుకున్నారు. మహర్షి వేదిక కట్టే మాటే మరిచి, ఆ నేలమీద మెల్లగా కూర్చున్నాడు. తనమీద నిలిచిన ఆ తొలి బరువు ఎక్కడ ఒరిగిపోతుందోనని, భూదేవి చాలాసేపు కదలకుండా ఉండిపోయింది.