ఎదురు గీత

ఒకానొక రాజ్యంలో, దాని పేరెత్తితే అక్కడి గాడిదలు ఇప్పటికీ తలెగరేస్తాయి కనుక చెప్పను, ఉద్దండదేవుడనే రాజుండేవాడు. ఆయన గడ్డం సంగతి మాత్రం చెప్పి తీరాలి. పొద్దున గీస్తే మధ్యాహ్నానికి ముళ్ళకంచె! ఒకసారి చెంప ఆనించి నిద్రపోతే పట్టుదిండు జల్లెడైంది. ఆ దిండు నేను చూశాను. నమ్మనివాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు.

ఆ రాజుకు 'ఎదురు' అన్న మాట గిట్టదు. "ప్రభువు మాటకు గానీ దేహానికి గానీ ఎదురు వెళ్ళినవాడి చెయ్యి నరకవలెను" అని కోటగుమ్మంలో రాతి మీద చెక్కించాడు. తన చెంప మాత్రం అద్దంలా మెరవాలి. అందుకని ఏ మంగలి వచ్చినా, పొడి గడ్డం మీదే, మొలిచిన వాలుకు ఎదురుగా గీకమనేవాడు. చెంప మండేది. నెత్తురు చిమ్మేది. మంగలి చెరసాలకు పోయేవాడు. అలా ముగ్గురు పోయారు. మూడోవాడు ఓబన్న అనే కుర్ర మంగలికి పిల్లనిచ్చిన మామ.

నాలుగో కబురు ఓబన్నకే వచ్చింది.

"మా అయ్యను వెంటబెట్టుకుని రా" అంది పెళ్ళాం, కత్తుల పొది చేతికిస్తూ. "నువ్వూ అక్కడే ఉండిపోయేవు సుమా!"

ఓబన్న కత్తి పదును ఎంతటిదంటే, దాని నీడ పడితేనే ఈగ మీసం తెగేది. అయినా రాజు ముందు కూర్చోగానే కత్తి తీయలేదు. వేళ్ళతో చెంప నిమిరాడు.

"ఏం తడుముతున్నావురా? ఎదురు గీత లాగు! వాలుకు పోయేది చచ్చిన చేప. నెత్తురు చుక్క కనబడిందా, నీ బొటనవేలు తీయిస్తా" అన్నాడు రాజు.

ఓబన్న పక్కనున్న ముసలి మంత్రికి దండం పెట్టాడు. "అయ్యా, నాకు చదువు రాదు. ప్రభువుల గడ్డం ప్రభువుల దేహంలోదేనా?"

"కాక నీ దేహంలోదా?" అన్నాడు మంత్రి.

"అయితే గుమ్మంలో రాయి ప్రకారం, గడ్డానికి ఎదురు వెళితే నా చెయ్యి పోవాలి. వెళ్ళకపోతే ప్రభువుల మాటకు ఎదురు. అప్పుడూ చెయ్యే. ఇక ఆ బొటనవేలు ఏ చేతినుంచి తీయిస్తారో చెబితే, మిగిలిన చేత్తో గీస్తాను."

మంత్రి దగ్గు వచ్చినట్టు నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు. రాజు గుమ్మం వైపు చూశాడు. రాయి తనదే, మాటా తనదే.

"సరే, నీ ఇష్టం వచ్చినట్టు గీసి చావు" అన్నాడు చివరికి.

ఓబన్న వేన్నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ రాజు ముఖం మీద పరిచాడు. గడ్డం నానేదాకా కదల్లేదు. కుంకుడు నురగ పట్టించాడు. కత్తిని తోలుపట్టీ మీద నాలుగుసార్లు ఆడించాడు. చెంప మీద కిందికి, గొంతు దగ్గర పక్కకు, గదవ కింద సుడి తిరిగిన చోట సుడితోపాటు, చర్మం కాస్త సాగదీసి పట్టుకుని చిన్నచిన్న గీతలు గీశాడు. నొక్కలేదు. కత్తి బరువే కత్తికి చాలు. మళ్ళీ నురగ పెట్టి, ఈసారి అడ్డంగా గీశాడు. చన్నీళ్ళతో కడిగి పటిక రుద్దాడు.

రాజు చెంప తడుముకున్నాడు. మంట లేదు. ఎదురు గీత ఒక్కటీ లేదు. ఈగ వాలి ఆ చెంప మీంచి జారిపడింది!

"ఇంత మొండి గడ్డం ఎలా లొంగిందిరా?"

"మొండిది కాదు ప్రభూ. పొడిగా ఉన్నప్పుడు గదిమితే ఏదైనా మొండిదే."

రాజు అద్దం ముందు చెంప అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా, "ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"రోజూ తమ గడ్డం నానేంతసేపు, తమకు ఎదురు చెప్పే అనుమతి."

రాజు పకపకా నవ్వాడు. "అంతసేపేగా! ఇచ్చాను."

మర్నాడు వేడిగుడ్డ రాజు నోటిని కప్పగానే ఓబన్న అన్నాడు: "చెరలో ఉన్న ముగ్గురిదీ తప్పు లేదు ప్రభూ, తప్పు తమరు చెప్పిన పద్ధతిది. వాళ్ళను వదిలిపెట్టాలి."

గుడ్డ కిందనుంచి "ఊఁ!" అని వినిపించింది.

"విన్నారుగా మంత్రిగారూ, ఊఁ అన్నారు!"

మంత్రి అప్పటికే తాళాల కోసం పరుగెత్తుతున్నాడు. ఆ 'ఊఁ' కోపమో ఒప్పుదలో ఎవరికీ తెలియదు. గుడ్డ మాత్రం ఎగిరెగిరి పడుతోంది, కింద రాజు అంత నవ్వుతున్నాడు.