అచ్చియ్యమ్మ నడిచిందా?

రోడ్డు మీద తారు అంటే ఎవరికీ తెలియని రోజులవి. మోటారు చప్పుడు వింటే ఎద్దులు కాడి విదిలించుకుని చేలల్లో పడి పారిపోయే రోజులవి. అప్పుడు, కొండకీ సముద్రానికీ నడుమ ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఒక ఆముదాలామె ఉండేది. ఆమె పేరు అచ్చియ్యమ్మ. ముందూ వెనకా ఎవరూ లేరు. ఒక పూరిల్లు, ఒక రోలు, ఒక పెద్ద కుండ. అవే ఆమె ఆస్తి.

ఆముదం గింజలు వేయించేది. దంచేది. నీళ్ళు పోసి కాచేది. పైకి తేలిన నూనెను గరిటతో తీసి మళ్ళీ కాచేది. నలక ఉంటే పసిబిడ్డ కంట్లో పడుతుందని మూడుసార్లు వడగట్టేది. ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డ మాడు మీదా పడిన మొదటి చుక్క ఆ కుండలోదే. నూనె ఇచ్చి వెళ్ళిపోతూ, సగం దారిలో ఆగి, వెనక్కి వచ్చి, "మరొక్కసారి వడగట్టుకోండమ్మా" అని చెప్పి మరీ వెళ్ళేది.

"అచ్చియ్యమ్మ నీలు కూడా వడగట్టుకునే తాగుతాది" అని ఊరు నవ్వేది. ఆమె కూడా నవ్వేది. కానీ వడగట్టడం మానేది కాదు.

ఆ ఊరి రాజావారు ఒకసారి ఓడెక్కి చాలా దూరం వెళ్ళారు. అక్కడి దొరలు చెక్కలతో గుండ్రంగా బాట కట్టి, దాని మీద మోటారు సైకిళ్ళు తోలడం చూశారు. తిరిగొచ్చి, "నాకూ అలాంటిది కావాలి" అన్నారు. రాజావారు కావాలంటే కాదనేదెవరు? అడవిలో చెట్లు కూలాయి. దుంగలు ఏటిలో తేలి వచ్చాయి. కొండాచారి అనే మేస్త్రి కింద మూడు వందల మంది వడ్రంగులు మూడు ఎండాకాలాలు పనిచేశారు. సన్నటి చెక్కలు అంచు మీద నిలబెట్టి, పక్కపక్కనే పేర్చి, మేకులు దిగగొట్టారు. బాట లోపలి అంచు నేలను ఆనుకుని ఉండేది. బయటి అంచు తాటిచెట్టులో సగానికి లేచేది. జనం ఆ పై అంచు చుట్టూ నిలబడి కిందికి చూసేవారు. చూడడానికి అచ్చం పిండివంటల మూకుడులా ఉండేది. అందుకని జనం దాన్ని మూకుడు అన్నారు.

ఆ మూకుడులో తిరిగే మోటారు సైకిళ్ళకు మూడు లేవు. బ్రేకు లేదు. మడ్‌గార్డు లేదు. జాలి లేదు.

ఆ ఇంజన్లకు ఆముదం కావాలి. ఒకనాడు రాజావారి దివాను అచ్చియ్యమ్మ గుమ్మం ముందు ఆగాడు.

"ఇంత శుభ్రమైన నూనె ఈ చుట్టుపక్కల లేదట. మోటార్లకు కావాలి. ఎంతుంటే అంత పంపు."

"మోటార్లకీ కడుపునొప్పేటి బాబూ?" అంది అచ్చియ్యమ్మ.

దివాను నవ్వలేదు. ఆయన ఎప్పుడూ నవ్వడు. కానీ అచ్చియ్యమ్మ ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉంది. తన కుండలో నూనె తాగి ఇనప గుర్రాలు పరిగెడతాయట. అంతకంటే ఏం కావాలి?

మొదటి పందెం నాడు ఆమె కూడా మెట్లెక్కి పై అంచున నిలబడింది. కింద మోటారు సైకిళ్ళ మీద ముగ్గురు రౌతులు. అందులో ఒకడు అదే ఊరి చినతల్లి కొడుకు పోలినాయుడు. పుట్టిన మూడో రోజున వాడి మాడుకు ఆముదం పెట్టింది అచ్చియ్యమ్మే. బండ్లు కదిలాయి. చెక్కలు ఉరిమాయి. నీలం పొగ లేచింది. ఆ పొగలో తన కుండ వాసన వచ్చి ఆమె మురిసిపోయింది.

ఒక చుట్టు తిరిగారు. రెండు చుట్లు తిరిగారు. మూడో చుట్టులో పోలినాయుడి బండి చక్రం పక్కకు జారింది. అంతే. ఎవరూ తగల్లేదు, ఎవరూ తొయ్యలేదు. జారింది.

వాడిని ఒక చెక్క మీదే మోసుకొచ్చారు. అప్పటికే ఊపిరి లేదు.

జనం పోయాక అచ్చియ్యమ్మ బాట మీదికి దిగింది. వాడు జారిన చోటు చూసింది. చెక్క చెక్కలాగే ఉంది. ఏమీ కనబడలేదు. అరికాలు పెట్టింది. కాలు సర్రున జారింది. వంగి చేత్తో తడిమి, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది నా నూనె" అంది.

ఆ బండ్లు తాగిన నూనెను తాగినట్టే కక్కేవి. అది బాటంతా పడేది. ఆమె దివాను దగ్గరికి పరుగెత్తింది.

"నూనె నాది బాబూ. నా నూనె మీదే జారిపోనాడు."

"వాడి రాత బాగాలేదు. నువ్వేం చేస్తావు?" అన్నాడు దివాను.

అచ్చియ్యమ్మ నూనె ఇవ్వడం మానేసింది. మూడు రోజుల్లో వేరే ఊరి నుంచి పీపాల్లో ఆముదం దిగింది. అది ఎవరు కాచారో, ఎవరు వడగట్టారో తెలియదు. బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. కక్కుతూనే ఉన్నాయి.

అప్పుడామె ఒక గంప, ఒక చీపురు పట్టుకుని మూకుడు దగ్గరికి వెళ్ళింది.

"ఏటే అచ్చియ్యమ్మా, మూకుడు తోమడానికొచ్చినావా?" అన్నాడు కాపలావాడు.

"నూనె మూకుడు తోమకుండా ఎవులైనా వాడతారేటి?" అంది.

మొదట ఇసుక పోసి రుద్దింది. మర్నాడు రాజావారి మోటారు షెడ్డులో పనిచేసే సూరప్పడనే రౌతు బండి తోలుతుంటే, ఇసుక మీద చక్రం పట్టు తప్పింది. పడబోయి నిలదొక్కుకున్నాడు.

"ఇక్కడ ఇసక పోసిందెవర్రా? నన్ను సంపీడానికా?"

"నానే నాయనా" అంది అచ్చియ్యమ్మ. ఇసుకంతా ఊడ్చేసింది.

తరువాత బూడిద చల్లి రుద్దింది. బూడిదా ఆముదమూ తడికి కలిసి సబ్బయి కూర్చున్నాయి. నవ్విన కాపలావాడే దాని మీద కాలేసి, కిందిదాకా కూర్చుని జారాడు. ఊరంతా వారం రోజులు నవ్వింది. అచ్చియ్యమ్మ నవ్వలేదు. వాడి చోట ఒక రౌతు ఉంటే?

ఇక ఏం చెయ్యాలో తోచక ఆమె చినతల్లి ఇంటికి వెళ్ళింది. పోలినాయుడు పోయిన దగ్గర్నుంచి ఆ గుమ్మం తొక్కడానికి కాళ్ళు రాలేదు. చినతల్లి వాకిట్లో వడ్లు దంచుతోంది.

"సినతల్లీ, నీ కొడుకు జారింది నా నూనె మీదే. నీకు సెప్పకుండా ఉండలేకపోతన్నాను."

చినతల్లి రోకలి ఆపింది.

"పసిబిడ్డప్పుడు వోడి ఒల్లంతా నీ నూనే రాసీదాన్ని" అంది. "ఎంత రాసినా నలుగు పెట్టి తానం సేయిస్తే ఒక్క సుక్క మిగిలీది కాదు."

రోటి పక్కనున్న చేటలోంచి ఒక గుప్పెడు తవుడు తీసింది. అచ్చియ్యమ్మ కొంగులో పోసింది.

"ఇంక నాకెవులున్నారు నలుగు పెట్టడానికి? తీసుకుపో. ఆ సెక్కలకి పెట్టు."

అచ్చియ్యమ్మ ఆ గుప్పెడు తవుడుతో, పోలినాయుడు జారిన చోటనే రుద్దింది. బిడ్డ వీపు రుద్దినట్టు రుద్దింది. తవుడు నూనెను తాగింది. ఊడ్చి కాలు పెట్టింది. కాలు జారలేదు.

ఆ రోజు నుంచి ప్రతి పందెం ముందూ ఆమె ఇంటింటికీ తిరిగేది. ఇంటికొక గుప్పెడు తవుడు. తరువాత చెప్పులు లేని కాళ్ళతో మూకుడంతా నడిచేది. మూడు వరసలు నడిచేది. కింది అంచున ఒక వరస, నడుమ ఒక వరస, పై అంచున ఒక వరస. కాలు జారిన చోటల్లా కూర్చుని నలుగు పెట్టేది.

"కళ్ళు పెట్టి సూస్తే సాలదా అమ్మా, ఈ నడకేటి?" అనేవాడు సూరప్పడు.

"కంటికి కనబడదు నాయనా. కాలికే తెలస్తాది."

వానలు వచ్చాయి. తొమ్మిది రోజులు కురిసి, పదో రోజున ఎండ కాసింది. తడికి ఉబ్బిన చెక్కలు ఎండకు ముడుచుకున్నాయి. మేకులు తలలెత్తాయి. సరిగ్గా ఆ వారమే పట్నం నుంచి పెద్దదొర పందెం చూడడానికి వస్తున్నాడు. కొండాచారి దివాను కాళ్ళ మీద పడ్డాడు.

"వారం రోజులు ఆగండి బాబూ. మేకులన్నీ మళ్ళీ కొట్టాలి."

"చెక్కల కోసం దొర ఆగుతాడా?" అన్నాడు దివాను.

వడ్రంగులు కొట్టగలిగినన్ని కొట్టారు. పందెం రోజు పొద్దున్నే అచ్చియ్యమ్మ గంపతో వచ్చింది.

"అప్పా, ఇయాల సగమే నడువు. కాల్లు సిల్లులు పడిపోతాయి" అన్నాడు కొండాచారి, అక్కని పిలిచినట్టు.

"పడీ ఓడు ఏ సగంలో పడతాడో నీకు తెలుసా ఆచారీ?"

కింది వరస నడిచింది. నాలుగు చోట్ల నలుగు పెట్టింది. నడిమి వరసలో ఉండగా, తుప్పు పట్టిన మేకు ఒకటి అరికాలిలో దిగింది. కాలు ఎత్తి, మేకు చూసి, కొండాచారిని పిలిచింది. ఆయన సుత్తితో దాన్ని లోపలికి కొట్టాడు.

"ఎంత దిగిందప్పా?"

"టైరులో దిగలేదు కదా. అది సాలు." కొంగు చింపి కట్టు కట్టుకుని లేచింది.

పై వరస సగమే అయింది. దొర కారు వచ్చింది. బాజాలు మోగాయి. జనం అంచు చుట్టూ నిండారు. రౌతులు బండ్ల పక్కన నిలబడ్డారు. అందరూ చూస్తుండగా ఒక ముసలామె ఏటవాలు చెక్కల మీద కుంటుకుంటూ నడుస్తోంది. వెనకాల ఎర్రటి అడుగులు పడుతున్నాయి.

"దిగు!" అని అరిచాడు దివాను.

"ఇంకా సగం ఉంది బాబూ."

"దిగుతావా, లాగించమంటావా?"

"సగం ఉంది బాబూ."

"బండ్లు స్టార్టు చెయ్యండి!" అన్నాడు దివాను.

ఇంజన్లు ఉరిమాయి. ఆ బండ్లకు బ్రేకు లేదని అచ్చియ్యమ్మకు తెలుసు. ఆమె ఆగలేదు. అడుగులో అడుగు వేస్తూనే ఉంది.

అప్పుడు ఒక ఇంజను ఆగిపోయింది. అది సూరప్పడిది. వాడు బండిని నేలకు ఆనించి పైకెక్కి ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"సాల్లేయే అమ్మా. దిగిపో."

"నాయనా, కట్టు కట్టిన కాలు మొద్దుబారిపోనాది. ఏటీ తెలడం లేదు. ఎక్కడైనా వొదిలీసినానేమో" అంది. మొదటిసారి ఆమె కళ్ళలో భయం కనిపించింది. "నీ కాలితో సూడు."

సూరప్పడు బూట్లు విప్పాడు. ఆమెను భుజానికి ఆనించుకుని నడిచాడు. పది అడుగులు వెయ్యలేదు, వాడి కాలు సర్రున జారింది. చూస్తే ఏమీ లేదు. తడిమితే చేటంత నూనె. రోజూ తను బండి వంచేది అక్కడే. వాడు అక్కడే కూలబడి, ఆమె గంపలోని తవుడు తీసి రుద్దడం మొదలుపెట్టాడు. అది చూసి తక్కిన రౌతులు కూడా ఇంజన్లు ఆపారు. ఒక్కొక్కరే బూట్లు విప్పి పైకెక్కారు.

పెద్దదొర రాజావారి వైపు తిరిగాడు. "ఏమిటిది? ఎందుకు నడుస్తున్నారు?" అని అడిగాడు.

తన బాట మీద తన మాట చెల్లలేదని దొర ముందు ఎలా చెబుతారు? రాజావారు మీసం సవరించుకున్నారు.

"ఇది మా ఊరి ఆచారం. నడవకుండా పందెం మొదలవదు" అన్నారు.

అది అబద్ధం. కానీ రాజావారి నోట వచ్చింది కాబట్టి ఆ రోజు నుంచి నిజమైంది.

ఆ పందెంలో ఎవరు గెలిచారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఎవరూ పడలేదన్నది మాత్రం అందరికీ గుర్తుంది.

అచ్చియ్యమ్మ కాలు వాచింది. ఒళ్ళు కాలిపోయింది. కొండాచారి చూడడానికి వెళితే, "ఎవులూ పడలేదు కదా?" అని అడిగింది. పడలేదన్నాడు. చినతల్లి గంజి తీసుకువెళితే, "ఎవులూ పడలేదు కదా?" అని అడిగింది. పడలేదంది. తొమ్మిదో రోజున సూరప్పడు వెళ్ళేసరికి ధనుర్వాతం కమ్మి దవడలు బిగుసుకుపోయాయి. మాట లేదు. కళ్ళతో అడిగింది.

"ఎవులూ పడలేదమ్మా" అన్నాడు సూరప్పడు. "ఇయాల కూడా పందెం ఉంది. నడిసే వొచ్చినాను. మూడు వరసలూ నడిసినాను."

ఆమె కళ్ళు మూసుకుంది.

మూకుడు మరి మూడు వానాకాలాలు నిలిచింది. తరువాత చెక్కలు చివికిపోయాయి. రాజావారి సరదా కూడా చివికిపోయింది. మిగిలిన మంచి చెక్కలను జనం పట్టుకుపోయారు. తలుపులయ్యాయి, మంచాలయ్యాయి, ఊయల బల్లలయ్యాయి. ఎండాకాలంలో ఆ తలుపులకు చెయ్యి ఆనిస్తే ఇప్పటికీ ఆముదం వాసన వస్తుందంటారు.

ఆ వైపు ఊళ్ళలో సైకిలు పందెమైనా, ఎడ్ల పందెమైనా, ఇంటికొక గుప్పెడు తవుడు వస్తుంది. పందెంలో దిగేవాళ్ళు చెప్పులు విప్పి ఒక చుట్టు నడుస్తారు. గీత దగ్గర నిలబడ్డాక పెద్దవాళ్ళెవరో ఒకరు, "అచ్చియ్యమ్మ నడిచిందా?" అని అడుగుతారు. మొదటిసారి ఎవరూ బదులు చెప్పరు. రెండోసారి కూడా చెప్పరు. మూడోసారి అడిగినప్పుడు నడిచినవాళ్ళంతా ఒక్క గొంతుతో, "నడిచింది" అంటారు. అప్పుడే జెండా ఊపుతారు.

ఇంకొకటి కూడా ఉంది. అక్కడి ఆడవాళ్ళు బిడ్డను దూరం పంపేటప్పుడు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపరు. చెప్పులు విప్పి, బిడ్డ కంటే ముందు వీధిలోకి దిగుతారు. మలుపు దాకా వట్టి కాళ్ళతో మెల్లగా నడుస్తారు. వెనకాల వచ్చే బిడ్డ, "అక్కడేముందమ్మా, ఏమీ కనబడడం లేదు కదా" అంటే, "కంటికి కనబడదు" అని మాత్రం అని, మరో అడుగు వేస్తారు.