గేటు బయట నలభై గాడిదలు

గాడిద పోలమ్మ ఎవరూ అడక్కముందే తన కూలిని నాలుగు సోలల తవుడు నుంచి రెండు సోలలకు తగ్గించుకుంది. తప్పు అక్కడ జరిగింది.

భయంతో చేసిన పని అది. అడవి అంచున ఎలుగుబంటికి ఇటుక బట్టీ ఉంది. చుట్టూ ముళ్ళకంచె, పొద్దుగూకితే కంచె బయట చిరుతపులి. పని ఉన్నంతకాలం లోపల ఉండొచ్చు. పని పోతే పొద్దుగూకేలోగా గేటు దాటాలి. కిందటి వేసవిలో కూలి పెంచమన్న ఎర్రెద్దును అలాగే పంపేశారు. మర్నాడు గేటు ముందు దాని మెడపట్టెడ దొరికింది, గంటలతో సహా.

తవుడు కొలిచేది నక్క మేస్త్రీ. ఒక్కొక్కరినీ విడిగా బట్టీ వెనక్కి పిలిచి కొలిచేవాడు.

"పోలమ్మా, కంచె అవతల ఆ దుమ్మేంటి?"

"గాలేమోనండి."

"గాలి కాదు, నలభై గాడిదలు. సగం తవుడుకే వస్తామని నా ప్రాణం తీస్తున్నాయి. నీ ముఖం చూసి ఆపుతున్నా."

పోలమ్మ కాళ్ళు వణికాయి. "నాకూ సగమే ఇవ్వండి మేస్త్రీ గారూ. గేటు మాత్రం తీయకండి."

"సరేలే. అయినా అందరికన్నా నీకే ఎక్కువ ఇస్తున్నా. ఎవరికీ చెప్పకు, కళ్ళల్లో నిప్పులు పోసుకుంటారు."

నెల తిరిగేసరికి పోలమ్మ పక్కటెముకలు బయటపడ్డాయి. ఒకరోజు ఇటుకల బరువుతో కూలబడింది.

నక్క వచ్చి చూశాడు. "ఇంకోసారి పడితే గేటు తీయిస్తా."

వాడు వెళ్ళాక పోలమ్మకు దుఃఖం ఆగలేదు. గొంతెత్తి ఓండ్ర పెట్టింది. పెట్టి, అలవాటుగా చెవులు నిక్కించింది. ఒక గాడిద ఓండ్ర పెడితే విన్న గాడిద ఊరుకోలేదు, బదులు పలికి తీరుతుంది. నలభై గాడిదలున్న వైపు నుంచి ఒక్క గొంతూ లేవలేదు. మళ్ళీ పెట్టింది. దుమ్ము లేస్తూనే ఉంది. బదులు లేదు.

కంచె సందులోంచి చూసింది. నక్క బావమరిది తోకకు తుమ్మ కొమ్మ కట్టుకుని అటూ ఇటూ పరిగెడుతున్నాడు. మధ్యమధ్య ఆగి నడుం పట్టుకుంటున్నాడు.

మధ్యాహ్నం నీళ్ళతొట్టి దగ్గర పోలమ్మ అందరికీ వినిపించేలా అంది: "నాకు రెండు సోలలు."

ఎద్దు లింగన్న గేటు వైపు చూశాడు. "మెల్లగా, తల్లీ. నాకు మూడు. అందరికన్నా నాకే ఎక్కువన్నాడు."

"నాకు ఐదు," దున్నపోతు గవరయ్య నసిగాడు. "నాకూ అదే మాట."

"వాడు నిజం చెప్పింది నీకొక్కడికే, గవరయ్యా. సిగ్గుపడకు," అని పోలమ్మ తాను చూసింది చెప్పింది.

ముగ్గురూ తొట్టి దగ్గరే పడుకుండిపోయారు. నక్క పరుగున వచ్చాడు. "లేస్తారా, గేటు తీయమంటారా? చిరుత ఆకలి మీదుంది."

"తీయండి," అంది పోలమ్మ. "ముందు ఆ నలభైమందినీ లోపలికి రానివ్వండి."

బట్టీ ఎందుకు చల్లబడుతోందో చూద్దామని అప్పుడే వచ్చిన ఎలుగుబంటి ఆ మాట విని నక్క వైపు తిరిగాడు. "పిలువు మరి. వాళ్ళు చెదిరిపోకుండా మేపాలని వారం వారం నా దగ్గర తవుడు బస్తా పట్టుకెళ్తున్నావుగా?"

గేటు తీశారు. తోకకు కొమ్మతో ఒక్క నక్క ఆయాసపడుతూ నిలబడి ఉన్నాడు.

పొద్దుగూకేసరికి బావా బావమరిదీ ఇద్దరూ గేటు బయటే ఉన్నారు. కాసేపు గేటు గీకిన చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. లోపల ఎవరూ నవ్వలేదు.

మర్నాటి నుంచి ఎలుగుబంటి తనే కొలిచాడు. పోలమ్మకు ఐదు సోలలు పోసి, చెవిలో అన్నాడు: "ఇంకోటి వేస్తా. పైకి చెప్పకు."

ఎవరి కూలి వాళ్ళు దాచుకుంటే, మిగిలేది కొలిచేవాడికే.

పోలమ్మ ఆ ఆరో సోల అందుకుని తిన్నగా తొట్టి దగ్గరికి నడిచింది. "ఈరోజు నాకు ఆరు," అంది. ఇకమీద ఎంత వచ్చినా అక్కడ చెప్పాలనుకుంది. బతికినన్నాళ్ళూ చెప్పింది, కాళ్ళు వణికిన రోజుల్లో కూడా.