హేమలేఖ విన్న మాటలు

వెనకటికి గంధవతి రాజ్యాన్ని సింహకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు హేమలేఖ ఒక్కతే కూతురు. ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు వచ్చి, "నీ కూతుర్ని నాకిచ్చి పెళ్ళి చెయ్యి" అన్నాడు. రాజు ఇవ్వనన్నాడు. మాంత్రికుడు ఆమె మీద గుప్పెడు బూడిద చల్లి వెళ్ళిపోయాడు. హేమలేఖ నిలుచున్నచోటే కూలిపోయింది.

వైద్యులు నాడి చూశారు, కనురెప్పలెత్తి చూశారు. "ఊపిరి ఉంది మహారాజా, మనిషి లేదు" అన్నారు.

మనిషి ఉంది. ఆ మాట విన్నది కూడా. జవాబు చెబుదామంటే నాలుక కదల్లేదు. కొన్నాళ్ళు ఆమెకు ఏమీ తెలిసేది కాదు, నీళ్ళడుగున ఉన్నట్టుండేది. మళ్ళీ దాసి కడియాల చప్పుడో, కషాయం వాసనో తగిలి తెలివి వచ్చేది. తండ్రి రోజూ వచ్చి ఏడ్చి వెళ్ళేవాడు. అలా మూడేళ్ళు గడిచాయి.

కరాళుడూ వచ్చేవాడు, వైద్యుడి వేషంలో. అందరినీ బయటికి పంపి, మంచం పక్కన కూర్చునేవాడు. "ఏడు సముద్రాల అవతల దానిమ్మతోటలో ఒక చిలుక ఉంది. నా ప్రాణం దానిలో ఉంది. అది చస్తే నేను చస్తాను, నువ్వు లేస్తావు. ఎవరికీ చెప్పని మాట ఇది. నీకు చెబితే రాయికి చెప్పినట్టే" అని నవ్వేవాడు.

కూతుర్ని లేపినవాడికి ఆమెనిచ్చి పెళ్ళి చేస్తానని రాజు చాటింపు వేయించాడు. పొరుగు దేశం నుంచి ముగ్గురు రాకుమారులు వచ్చారు. పెద్దవాడు ఆమె చెవి దగ్గర నగారాలు మోగించాడు. రెండోవాడు అరికాళ్ళకు సూదులు గుచ్చాడు. రెండూ ఆమెకు తెలిశాయి. అరవలేకపోయింది.

మూడోవాడు మకరందుడు. పీట లాక్కుని కూర్చుని, "రాకుమారీ, నా పేరు మకరందుడు. మా అన్నలు చేసినదానికి మన్నించండి" అన్నాడు. ఆమెను చూస్తూ, దారిలో తను చూసిన ఊళ్ళ గురించి చెబుతూ పోయాడు. మూడోరోజున ఆమె ఎడమచేతి చిటికెన వేలు కదిలినట్టనిపించింది.

"నా మాట వినబడితే ఇంకోసారి కదపండి."

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వేలు కదిలింది.

అప్పుడతను అక్షరాలన్నీ ఒక్కొక్కటే చదివాడు. 'చ' అనగానే వేలు కదిలింది. చ, చా, చి. మళ్ళీ కదిలింది. 'చిలుక' అన్న ఒక్క మాట పూర్తయ్యేసరికి పొద్దుగుంకింది. కథంతా తెలియడానికి తొమ్మిది రోజులు పట్టింది.

మకరందుడు సముద్రతీరానికి వెళ్ళి, వలలో చిక్కిన ఒక తాబేలును విడిపించాడు. "ఎక్కడికి వెళ్ళాలి నాయనా?" అంది తాబేలు. అతను చెప్పాడు. అది వీపు మీద ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది.

దానిమ్మతోటలో వెయ్యి చిలుకలున్నాయి. "కరాళుడి ప్రాణం నేనే" అంటే "నేనే" అని అన్నీ అరిచాయి. ఒక చిలుక మాత్రం చెట్టు మొదట్లో కళ్ళు మూసుకుని పడి ఉంది.

"అదెప్పుడో చచ్చింది, వదిలెయ్" అన్నాయి మిగతావి.

మకరందుడు నేల మీద వంగి దాని రొమ్ము వంక చూశాడు. సన్నగా లేచి పడుతోంది. దాన్ని చేతిలోకి తీసుకోగానే కరాళుడు గాలిలో ఎగురుతూ వచ్చి, "దాన్ని వదులు, నిన్ను చక్రవర్తిని చేస్తాను" అన్నాడు. మకరందుడు చిలుక మెడ విరిచాడు. కరాళుడు కుప్పకూలాడు.

గంధవతిలో హేమలేఖ కళ్ళు తెరిచింది. "నాన్నగారూ, రోజూ వచ్చారు. ఒక్కరోజైనా నాతో మాట్లాడలేదేం?" అంది. రాజు తల దించుకున్నాడు. "నువ్వు లేవనుకున్నానమ్మా" అన్నాడు.

మకరందుడు తిరిగివచ్చేసరికి ఆమె దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. కాళ్ళు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. రాజు ముహూర్తం పెట్టించబోయాడు.

"మీకిష్టమేనా?" అని మకరందుడు ఆమెనే అడిగాడు.

"ఇష్టమే. కానీ నడక వచ్చేదాకా ఆగండి" అంది హేమలేఖ.

అతను ఆగాడు. ఏడాది తర్వాత పెళ్ళిపందిట్లో హేమలేఖ ఎవరి భుజమూ పట్టుకోకుండా అతనితో ఏడడుగులు నడిచింది. మనవలకు మనవలు పుట్టేదాకా ఇద్దరూ గంధవతిని ఏలారు.